నమ్మకం తెరిచిన సరిహద్దులు

చిన్నప్పుడు మా దగ్గర ఉర్దూ, అరబ్బీ అక్షరాలు దిద్దుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు జర్మనీలో ఇంజనీరింగు పై చదువు చదువుతున్నాడు. ఆ మధ్య ఫోను చేశాడు. సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాక ఉత్సాహంగా ఒక సంగతి చెప్పాడు.

"ఉస్తాద్, మొన్న ఆదివారం మేము ముగ్గురం కేల్ అనే ఊళ్ళో ట్రాము ఎక్కాం. రైన్ నది మీద వంతెన దాటింది. దిగితే స్ట్రాస్‌బర్గ్. జర్మనీ పోయి ఫ్రాన్సు వచ్చేసింది! గేటు లేదు, బారు లేదు, మమ్మల్ని ఆపినవాళ్ళు లేరు. మన కర్నూల్లో తుంగభద్ర దాటి అలంపురం చౌరస్తాకు పోయినట్టే ఉంది."

మేము ఆశ్చర్యపోయాం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్ళటమంటే మన ఇళ్ళల్లో ఎంత తతంగమో పాఠకులకు తెలియనిది కాదు. హజ్‌కు వెళ్ళినా, గల్ఫ్‌కు వెళ్ళినా, పాస్‌పోర్టు ఆఫీసు నుంచి విమానం మెట్ల దాకా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. అలాంటిది రెండు పెద్ద దేశాల మధ్య ట్రాములో కూర్చుని పోవటమా? అయితే ఆ అబ్బాయి కథ అక్కడితో అయిపోలేదు. తిరుగు ప్రయాణంలో ఇంకొకటి జరిగింది. అది తరువాత చెబుతాం. ముందు ఈ తలుపులు ఎలా తెరుచుకున్నాయో చూద్దాం.

ఉర్దూలో సర్‌హద్ అంటాం, తెలుగులో సరిహద్దు అంటాం. రెండింటిలోనూ ఉన్నది హద్ అనే అరబ్బీ మాటే. హద్దులు లేని ఇల్లు ఉండదు, హద్దులు లేని దేశమూ ఉండదు. మరి యూరపు వాళ్ళు హద్దును అలాగే ఉంచి, కాపలాను మాత్రం ఎలా ఎత్తేయగలిగారు? "వాళ్ళు డబ్బున్నవాళ్ళు, వాళ్ళకేం?" అని మనలో చాలామంది ఒక్క మాటతో తేల్చేస్తారు. డబ్బు ఉన్నచోట తాళాలు ఇంకా ఎక్కువుంటాయని వాళ్ళు మరచిపోతారు. అసలు సంగతి వేరే ఉంది.

నాలుగుసార్లు మారిన జెండా

ఆ కుర్రవాడు దిగిన స్ట్రాస్‌బర్గ్ నగరాన్నే తీసుకోండి. 1870లో ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల పుట్టి, డెబ్బై అయిదేళ్ళు బతికిందనుకోండి. ఇల్లు కదలకుండానే ఆమె దేశం నాలుగుసార్లు మారి ఉంటుంది. 1871లో ఆ నగరం జర్మనీకి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సుకు వచ్చింది. 1940లో మళ్ళీ జర్మనీ చేతికి చిక్కింది. 1944 నవంబరులో మళ్ళీ ఫ్రాన్సు పరమైంది. మధ్యలో, 1942 నుంచి, ఆ ప్రాంతపు యువకులను హిట్లరు ప్రభుత్వం బలవంతంగా తన సైన్యంలోకి తోలుకుపోయింది. ఇలా ప్రతి జెండాతోనూ భాష మారింది, బడి మారింది, వీధుల పేర్లు మారాయి. శవపేటికలు మాత్రం రెండు వైపులా లేచాయి.

ఇంతటి పగ ఉన్నచోట ఇవాళ ట్రాము నడుస్తున్నది. 2017 ఏప్రిల్ నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రాము రైన్ దాటి కేల్ దాకా పోతున్నది. ఇది ఒక్కరోజులో వచ్చిన మంచితనం కాదు.

1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ ఒక ప్రతిపాదన చేశాడు. ఈయన 1886లో లక్సెంబర్గులో జర్మను పౌరుడిగా పుట్టి, తరువాత ఫ్రెంచి పౌరుడైనవాడు. సరిహద్దు మనిషి కనుక సరిహద్దు బాధ ఆయనకు తెలుసు. ఫిరంగులు పోయాలంటే బొగ్గు, ఉక్కు కావాలి. ఆ రెండింటినీ ఫ్రాన్సు, జర్మనీలు ఒకే ఉమ్మడి యంత్రాంగం కింద పెట్టుకుంటే ఒకరి మీద ఒకరు రహస్యంగా కత్తి నూరటం కుదరదని ఆయన ఆలోచన. 1951లో ఆరు దేశాలు దీనికి ఒప్పుకుని సంతకాలు చేశాయి. మనుషుల దారులు తెరవటానికి ముందు వాళ్ళు కొలిమి తలుపులు తెరిచి చూపించుకున్నారన్నమాట.

పదేళ్ళు పట్టిన పని

మనుషులు స్వేచ్ఛగా తిరగటం దాకా రావటానికి ఇంకో ముప్పై ఏళ్ళు పైన పట్టింది. అందులో లారీ డ్రైవర్ల పాత్ర కూడా ఉంది. 1984 ఫిబ్రవరిలో, సరిహద్దుల దగ్గర కస్టమ్సు తనిఖీల జాప్యంతో విసిగిపోయిన డ్రైవర్లు ఆల్ప్సు పర్వతాల దారుల్లో లారీలు అడ్డం పెట్టి కూర్చున్నారు. అదే ఏడాది జూలైలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీలు సార్‌బ్రూకెన్‌లో ఒక ఒప్పందానికి వచ్చి, తమ మధ్య తనిఖీలను సడలించుకున్నాయి.

మరుసటి ఏడు, 1985 జూన్ 14న, లక్సెంబర్గులోని షెంగెన్ అనే చిన్న పల్లె దగ్గర, మోసెల్ నదిలో ఒక ఓడ మీద అయిదు దేశాలు సంతకాలు చేశాయి. అవి ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్సు, లక్సెంబర్గు. మూడు దేశాల నేల కలిసే చోటది. అధ్యక్షులు, ప్రధానులు ఎవ్వరూ అక్కడికి రాలేదు. కారు అద్దానికి ఆకుపచ్చ బిళ్ళ అంటించుకుంటే, వేగం తగ్గించి పోతున్న బండిని చూసి వదిలేయటం వంటి చిన్న చిన్న వెసులుబాట్లతో మొదలుపెట్టారు.

మనం గమనించవలసింది దాని తరువాతి పదేళ్ళను. 1985లో సంతకాలైనా గేట్లు నిజంగా లేచింది 1995 మార్చి 26న. ఈలోగా స్పెయిన్, పోర్చుగల్ కూడా చేరి మొత్తం ఏడు దేశాలయ్యాయి. ఇన్నాళ్ళూ ఏం చేశారు? లోపలి గేటు తీస్తే బయటి గేటును ఎవరు, ఎలా కాయాలి? వీసా ఒకరిస్తే అందరూ ఒప్పుకోవాలా? ఒక దేశంలో నేరం చేసి ఇంకో దేశానికి పారిపోతే ఎలా? దొంగిలించిన పాస్‌పోర్టు వివరాలు అందరికీ ఎలా అందాలి? వీటన్నిటికీ 1990లో విడిగా ఒక పెద్ద ఒప్పందం రాసుకున్నారు. కావలసినవాళ్ళ పేర్లు, పోయిన పత్రాల నంబర్లు అందరి కళ్ళ ముందూ ఉండేలా ఉమ్మడి సమాచార వ్యవస్థ ఒకటి ఏర్పరచుకున్నారు.

ఇవాళ ఆ కూటమిలో 29 దేశాలున్నాయి. వాటిలో నార్వే, ఐస్‌లాండు, స్విట్జర్లాండు, లీక్టెన్‌స్టైన్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా ఇందులో ఉన్నాయి. ఐర్లండు, సైప్రస్ యూనియన్‌లో ఉండి కూడా ఇందులో లేవు. రుమేనియా, బల్గేరియాలకు రోడ్డు, రైలు దారుల్లో కూడా తనిఖీలు తొలగింది 2025 జనవరి 1 నుంచే. ఈ దేశాల జనాభా అంతా కలిపి 45 కోట్ల పైమాటే. యూరోపియన్ కమిషన్ లెక్కల్లో ప్రతి రోజూ దాదాపు 35 లక్షల మంది ఈ లోపలి సరిహద్దులు దాటుతుంటారు. ఒక దేశంలో కాపురముండి మరో దేశంలో ఉద్యోగం చేసేవాళ్ళు 17 లక్షల మంది ఉన్నారు.

మా దృష్టిలో దీని అసలు పేరు ఎత్‌బార్. అంటే నమ్మకం. ఏథెన్సు విమానాశ్రయంలో ఒక గ్రీకు అధికారి మన పాస్‌పోర్టు చూసి లోపలికి పంపితే, ఆ చూపును నార్వే దాకా అందరూ తమ చూపుగానే ఒప్పుకుంటారు. పక్కింటివాడి కాపలాను తన ఇంటి కాపలాగా భావించటం చిన్న విషయమా? మన వీధిలో ఎన్ని ఇళ్ళ మధ్య ఆ నమ్మకం ఉంది?

లోపల తలుపు, బయట గోడ

అయితే మెచ్చుకున్న నోటితోనే రెండో పక్క కూడా చెప్పాలి. లోపలి తలుపులు తీసినకొద్దీ బయటి గోడ పెరిగింది. శరణు కోరి వచ్చినవాడి బాధ్యత చాలా సందర్భాల్లో అతను మొదట అడుగుపెట్టిన దేశానిదేనని 1990లో డబ్లిన్‌లో ఇంకో ఒప్పందం చేసుకున్నారు. దానితో ఏళ్ళ తరబడి భారమంతా సముద్రం ఒడ్డునున్న ఇటలీ, గ్రీసు వంటి దేశాల మీద పడింది. భారం మోయలేనివాడు గేటు ఇంకా గట్టిగా బిగిస్తాడు.

2013 అక్టోబరు 3న ఇటలీ దీవి లాంపెదూసా దగ్గర ఒక పడవ మునిగి 360 మందికి పైగా జలసమాధి అయ్యారు. వారిలో అధికులు ఎరిత్రియా దేశస్థులు. ఐక్యరాజ్య సమితి వలసల సంస్థ లెక్కలో 2014 నుంచి మధ్యధరా సముద్రంలో చనిపోయిన, గల్లంతైన వలసదారులు 30 వేలు దాటారు. ట్రాములో నది దాటినంత తేలికగా ఒకరు దేశం మారుతున్న ఖండపు గుమ్మంలోనే ఇంతమంది మునిగిపోతున్నారంటే, ఆ నమ్మకం ఇంకా సగం దారిలోనే ఉన్నదని అర్థం.

ఇదంతా మతద్వేషమేనని మనవాళ్ళలో కొందరు తేల్చేస్తారు. అంత తొందరపాటు తగదు. ముస్లిములు అధికంగా ఉన్న అల్బేనియా, దాదాపు సగం మంది ముస్లిములున్న బోస్నియా 2010 డిసెంబరు నుంచి వీసా లేకుండా షెంగెన్ దేశాలకు వెళ్ళగలుగుతున్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పౌరులకు 2015 మే నుంచి ఆ సౌకర్యం ఉంది. కొసావోకు 2024 జనవరి 1 నుంచి వచ్చింది. టర్కీతో 2013లో మాటలు మొదలైనా ఇప్పటికీ కుదరలేదు. అంటే ఇక్కడ రాజకీయముంది, డబ్బుంది, పాత భయాలున్నాయి, షరతులు నెరవేర్చటమూ ఉంది. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు.

తిరిగి వస్తున్న తనిఖీలు

ఇప్పుడు అసలు చింత లోపలి తలుపుల గురించే. 2015లో సిరియా యుద్ధం నుంచి లక్షల మంది పారిపోయి వచ్చినప్పుడు, సెప్టెంబరులో జర్మనీ ఆస్ట్రియా వైపు తనిఖీలు మళ్ళీ మొదలుపెట్టింది. ఆ నవంబరు 13న పారిస్‌లో దాడులు జరిగి 130 మంది అమాయకులు బలయ్యారు. హంతకులు బ్రస్సెల్స్ నుంచి పారిస్‌కు తెరిచిన సరిహద్దు మీదుగానే వెళ్ళారు. ఈ నిజాన్ని మనం దాచకూడదు. మన పేర్లు పెట్టుకున్నవాళ్ళు చేసిన ఆ ఘోరానికి మొదట బలైనవారు చనిపోయినవాళ్ళు, వారి కుటుంబాలు. ఆ తరువాత దెబ్బ తిన్నది ఆ ఎత్‌బారే. ఫ్రాన్సు అప్పుడు పెట్టిన తనిఖీలను కొత్త కొత్త కారణాలతో పొడిగిస్తూనే వచ్చింది.

కానీ ఆ ఘటనలోనే ఇంకో పాఠముంది. దాడుల మరునాడు ఉదయం బెల్జియం వైపు పారిపోతున్న నిందితుడొకరి కారును ఫ్రాన్సు పోలీసులు దారిలో ఆపారు. కాగితాలు చూసి వదిలేశారు. దాడులతో అతనికి సంబంధమున్నట్టు అప్పటికి వాళ్ళకు సమాచారం అందలేదు. చేతిలో సమాచారం లేనప్పుడు రోడ్డు మీద ఆపటం వల్ల ఒరిగేది కొంచెమేనని దీన్నిబట్టి తెలియటం లేదా?

2016 జనవరిలో డెన్మార్కు, స్వీడన్‌ల మధ్య ఓరెసుండ్ వంతెన మీద రోజూ పనికి పోయి వచ్చేవాళ్ళు గుర్తింపు కార్డులు చూపించవలసి వచ్చింది. 2020 వసంతంలో కరోనా భయంతో జర్మనీ ఊరు కాన్‌స్టాంజ్‌కూ, దాన్ని ఆనుకుని ఉన్న స్విట్జర్లాండు ఊరు క్రోయిట్స్‌లింగెన్‌కూ మధ్య కంచె వేశారు. కంచెకు అటూ ఇటూ చేతులు పట్టుకుంటున్నారని, కొద్ది దూరంలో రెండో కంచె కూడా వేశారు. మే నెలలో తీసేసేదాకా ప్రేమించుకున్నవాళ్ళు, తల్లులు, బిడ్డలు ఆ వలల మధ్య నుంచే పలకరించుకున్నారు. మనం వాళ్ళను చూసి నవ్వనక్కర్లేదు. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వస్తున్న కరోనా రోగుల అంబులెన్సులను, మా శిష్యుడు పోల్చి చెప్పిన ఆ కర్నూలు దారిలోనే, పుల్లూరు దగ్గర ఆపేశారు. హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. భయం పుట్టిందంటే ఒకే దేశంలో కూడా గేట్లు మొలుస్తాయి.

2023 అక్టోబరులో ఇటలీ స్లొవేనియా వైపు తనిఖీలు పెట్టింది. విచిత్రమేమిటంటే ఆ సరిహద్దు మీద ఉన్న గొరిజియా, నోవా గొరిట్సా అనే జంట నగరాలు 2025లో ఉమ్మడిగా యూరపు సాంస్కృతిక రాజధాని గౌరవం అందుకున్నాయి. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటికీ తనిఖీలు విస్తరించింది. 2025 జూలైలో పోలండు కూడా జర్మనీ, లిథువేనియాల వైపు అదే పని చేసింది. ఒకడు తలుపు మూస్తే పక్కవాడూ మూస్తాడు. అపనమ్మకానికి అంటురోగం గుణముంది. యూరపు న్యాయస్థానం 2022 ఏప్రిల్‌లోనే ఒక తీర్పులో, అదే ప్రమాదాన్ని చూపి ఆరు నెలలకు మించి తనిఖీలు కొనసాగించరాదని, కొత్త ప్రమాదముంటేనే కొత్తగా పెట్టుకోవచ్చునని చెప్పింది. కొత్త కారణం రాయటం ప్రభుత్వాలకు ఎంతసేపు?

ఇక మా శిష్యుడి తిరుగు ప్రయాణం. దారిలో ఒకచోట పోలీసులు ఎక్కారట. పెట్టెలో పాతిక మంది దాకా ఉన్నారు. నేరుగా వీళ్ళ ముగ్గురి దగ్గరికే వచ్చారు. ఇద్దరు కార్డులు చూపించారు. మన అబ్బాయి నివాస కార్డు గదిలోనే మరచిపోయాడు. దించి, గంటన్నర కూర్చోబెట్టి, వివరాలు సరిచూసుకుని పంపారు. దురుసుగా మాట్లాడలేదు, చేయి చేసుకోలేదు.

"మరి ఎందుకురా బాధ?" అని అడిగాం.

"కార్డు లేకపోవటం నా తప్పే ఉస్తాద్. కానీ మిగతావాళ్ళను అసలు అడగనే లేదు. వాళ్ళంతా మమ్మల్నే చూస్తూ కూర్చున్నారు" అన్నాడు. వాడి గొంతులో పొద్దుటి ట్రాము ఉత్సాహం లేదు.

ఇది ఒక్కడి కథ కాదు. 2014లో మైంజ్ నుంచి కొలోన్ వెళ్ళే రైలులో నల్లజాతి జర్మను దంపతులను పిల్లల ముందే పోలీసులు తనిఖీ చేశారు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఒంటి రంగు కూడా కారణమైన తనిఖీ రాజ్యాంగ విరుద్ధమని 2016లో కోబ్లెంజ్‌లోని పై కోర్టు తీర్పిచ్చింది. ఆ దేశాల్లో అన్యాయముంది, దాన్ని నిలదీసే న్యాయస్థానమూ ఉంది. రెండూ చెప్పటమే న్యాయం. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 13 దేశాల్లో జరిపి 2024లో వెలువరించిన సర్వేలో, జాతి వివక్షకు గురయ్యామని చెప్పిన ముస్లిములు 47 శాతం. 2016లో ఇది 39 శాతం.

మా అభిప్రాయం ఇది. దేశానికి తన గుమ్మం కాచుకునే హక్కు ఉంది. అనుమానానికి ఆధారముంటే ఎవరినైనా ఆపవచ్చు. అందరినీ ఆపితే ఆలస్యమవుతుంది, కానీ అవమానం కాదు. ముఖం చూసి కొందరినే ఆపితే, ఆ సరిహద్దు నది దగ్గర నుంచి లేచి వచ్చి కొందరు మనుషుల ఒంటి మీద కూర్చుంటుంది. వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది. పక్క సీటులోని తెల్లవాడికి తెరిచి ఉన్న తలుపు నల్లవాడికి మూసి ఉంటే, దాన్ని తెరిచిన సరిహద్దు అనటం ఎలా?

మన పిల్లలకు చెప్పవలసింది

జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం. మన జిల్లాల నుంచి కూడా ఏటా పిల్లలు వెళుతున్నారు. కాబట్టి తల్లిదండ్రులకు కొన్ని మాటలు.

గేటు లేదంటే చట్టం లేదని కాదు. ఒక షెంగెన్ దేశంలో నివాస కార్డు ఉన్నవాళ్ళు మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగవచ్చు. కానీ పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉండి తీరాలి. ఆ కార్డుతో పక్క దేశంలో ఉద్యోగం చేయవచ్చునని అనుకోకూడదు. చుట్టపు చూపుగా వీసా మీద వెళ్ళే పెద్దలకూ ఆ 90 రోజుల లెక్కే. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో వేలిముద్రలు, ముఖం నమోదు చేసి, రాకపోకల తేదీలను కంప్యూటరే లెక్కపెడుతుంది. రెండు రోజులు ఎక్కువున్నా ఎవరు చూస్తారులే అనే రోజులు పోయాయి.

ఏజెంట్ల మాటలు విని దొంగ బ్యాంకు కాగితాలు, లేని ఉద్యోగాల ఉత్తరాలు పెట్టకండి. 2024 ఏప్రిల్‌లో భారతీయులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. మూడేళ్ళలో రెండు వీసాలు పొంది, సక్రమంగా వాడుకున్నవాళ్ళకు రెండేళ్ళ వీసా, ఆ తరువాత అయిదేళ్ళ వీసా ఇచ్చే వీలుంది. ఇది కూడా ఎత్‌బారే. వీసా మన చేతిలో ఉన్న అమానత్ వంటిది. ఒకడు దాన్ని ఎగ్గొడితే, తరువాత వరుసలో నిలబడిన వంద మంది నిజాయితీపరుల ముఖాల మీద ఆ మచ్చ పడుతుంది.

చివరగా ఒక మాట. హైదరాబాదు పాతబస్తీలో, ఇంకా అనేక ఊళ్ళలో, కరాచీలో అక్కనో చెల్లినో చూడక ముప్పై నలభై ఏళ్ళయిన ముసలివాళ్ళున్నారు. వీసా దొరికితే ఏ ఊరికి వెళ్ళాలో అందులోనే రాసి ఉంటుంది, పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో ముష్కరులు అమాయకులను కాల్చి చంపాక ఆ కాస్త దారీ మూసుకుపోయింది. దోషం ఎవరిదన్నా, ఎదురుచూపు మాత్రం ఆ ముసలివాళ్ళదే. ఫ్రాన్సు, జర్మనీలు డెబ్బై అయిదేళ్ళలో మూడు యుద్ధాలు చేసుకుని, కోట్ల మంది ప్రాణాలు తీసిన యుద్ధాల నుంచి లేచి, బొగ్గుతో మొదలుపెట్టి, ఆకుపచ్చ బిళ్ళ మీదుగా ట్రాము దాకా వచ్చాయి. అది చూశాక, ఇక్కడ ఎన్నటికీ కుదరదని చెప్పటానికి మాకు నోరు రావటం లేదు. అయితే అక్కడ కట్టుకున్నదే ఇప్పుడు వదులవుతుంటే, నమ్మకాన్ని ఒకసారి కట్టి వదిలేస్తే చాలదని కూడా తెలుస్తున్నది.

మా శిష్యుడు మళ్ళీ ఫోను చేశాడు. వచ్చే నెలలో మళ్ళీ స్ట్రాస్‌బర్గ్ వెళతానంటున్నాడు. కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళమన్నాం. భయపడి మానుకోవద్దని కూడా చెప్పాం.